చైనీస్ అక్షరాన్ని గీత గీతగా రాయడం ఎందుకు నేర్చుకోవాలి?

చైనీస్‌లో 'వెయ్యి' అని అర్థమున్న అక్షరానికి మూడు గీతలు. 'పొడి', అంటే తడి లేనిది, అనే అక్షరానికీ మూడే. రెండింటిలోనూ పైన ఒక చిన్న గీత, దాని కింద కాస్త పొడవైన అడ్డగీత, మధ్యలో కిందికి దిగే నిలువుగీత ఉంటాయి. అచ్చులో చూసి బొమ్మలా దించుకునేవాళ్ళకు రెండూ ఒకేలా కనిపిస్తాయి. తేడా అంతా పైగీతలోనే ఉంది. 'పొడి'లో అది ఎడమ నుంచి కుడికి సాగే మామూలు అడ్డగీత. 'వెయ్యి'లో కలం కుడివైపు పైన మొదలై ఎడమవైపు కిందికి జారుతుంది. 'ఆకాశం' అనే అక్షరంలోనూ ఇంతే. దాని పైగీతను ఎడమ నుంచి కుడికి రాయాలి. అదే గీతను కుడి నుంచి ఎడమకు వాల్చితే అది చిన్న వయసులో చనిపోవడం అనే అర్థమున్న వేరే అక్షరమైపోతుంది.

గీత ఏ వైపు సాగాలో తెలిసి రాసేవాళ్ళకు ఈ తేడా దానంతట అదే వస్తుంది. తెలియనివాళ్ళు ప్రతిసారీ ఆగి, వాలు ఎంత ఉందో చూసుకోవాలి. చైనీస్ పాఠాల్లో గీతల వరుసకూ దిశకూ మొదటి రోజు నుంచే అంత పట్టుదల ఎందుకో ఇక్కడే అర్థమవుతుంది.

కానీ ఇప్పుడు చైనాలో కూడా రోజువారీ రాత దాదాపు అంతా ఫోన్‌లోనే. 'మా' అని పిన్‌యిన్‌లో, అంటే రోమన్ లిపిలో కొడితే ఆ ఉచ్చారణ ఉన్న అక్షరాలన్నీ వరసగా వస్తాయి. కావలసినదాన్ని తాకితే చాలు. ఇలాంటి కాలంలో ఒక్కో అక్షరాన్నీ గీత గీతగా దిద్దడం ఎందుకని కొత్తగా నేర్చుకునేవాళ్ళు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. అన్ని అక్షరాలూ చేత్తో రాయడం రావాలన్న నియమం ఎక్కడా లేదు. అయితే మొదటి కొన్ని వందల అక్షరాలను సరైన వరుసలో చేతికి అలవాటు చేయకపోతే, మిగతా వేలను చదవడం కూడా అనవసరంగా కష్టమవుతుంది.

ముందు గీత అంటే ఏమిటో చూద్దాం. కలం కాగితాన్ని తాకినప్పటి నుంచి పైకి లేచేదాకా పడినదంతా ఒక గీత. మధ్యలో ఎన్ని మలుపులు తిరిగినా లెక్కకు ఒకటే. 'నోరు' అనే అక్షరం చూడటానికి చిన్న చతురస్రం. నాలుగు భుజాలు ఉన్నాయి కాబట్టి నాలుగు గీతలు అనుకుంటారు, కొందరైతే చెయ్యి ఎత్తకుండా గుండ్రంగా తిప్పేస్తారు. నిజానికి దానికి మూడు గీతలు: ఎడమవైపు నిలువుగీత, పైనుంచి వెళ్ళి మూల దగ్గర తిరిగి కుడివైపు కిందికి దిగే గీత, చివరగా అడుగున అడ్డగీత. 'గుర్రం' అనే అక్షరపు సరళ రూపానికీ, అంటే గీతలు తగ్గించి చైనాలో ఇప్పుడు వాడే రూపానికీ, మూడే గీతలు. అందులో రెండో గీత కిందికి దిగి, కుడికి తిరిగి, మళ్ళీ కిందికి వెళ్ళి, చివర లోపలికి కొక్కెంలా వంగుతుంది. కొత్తవాళ్ళు దాన్ని మూడు ముక్కలుగా గీస్తారు. కాగితం మీద బొమ్మ సరిగ్గానే కనిపిస్తుంది, గీతల లెక్క మాత్రం తప్పుతుంది. లెక్క తప్పితే గీతల సంఖ్యను బట్టి అక్షరాలను వెతికే నిఘంటువులో ఆ అక్షరం దొరకదు.

పిల్లలకు ముందు గీతల పేర్లు నేర్పుతారు. అడ్డగీత హెంగ్, నిలువుగీత షు, ఎడమకు వాలేది పియె, కుడికి వాలేది నా, చుక్క డియన్, కింది నుంచి పైకి విసిరేది తి. ఇవి కాక మలుపులు, కొక్కేలు ఉంటాయి. టీచర్ బోర్డు మీద రాస్తుంటే క్లాసంతా చూపుడువేలు గాల్లోకి ఎత్తి, ఒక్కో గీత పేరూ గట్టిగా చెబుతూ గాల్లోనే రాస్తుంది. నిఘంటువులు ఈ గీతలన్నిటినీ అయిదు తరగతులకు కుదించాయి: అడ్డం, నిలువు, ఎడమ వాలు, చుక్క, మలుపు. కుడికి వాలే గీతను చుక్కలో, పైకి విసిరేదాన్ని అడ్డగీతలో కలిపేశారు. బటన్ల ఫోన్ల కాలంలో 1 నుంచి 5 దాకా అంకెలు నొక్కి చైనీస్ మెసేజ్ పంపగలిగింది ఈ ఏర్పాటు వల్లే. పిన్‌యిన్ రాని పెద్దవాళ్ళకు అది బాగా ఉపయోగపడింది. కాకపోతే గీతల వరుస తెలిసి ఉండాలి.

నగిషీ రాత నేర్చుకునేవాళ్ళు వందల ఏళ్ళుగా 'శాశ్వతం' అని అర్థమున్న యొంగ్ అనే అక్షరం మీద సాధన చేస్తున్నారు. ఇప్పటి లెక్కలో దానికి అయిదు గీతలే. కానీ కుంచె పట్టినవాళ్ళు అందులో ఎనిమిది కదలికలు చూస్తారు, ఒక్కోదానికీ ఒక పేరు ఉంది. ఈ పద్ధతిని 4వ శతాబ్దపు మహా లిపికారుడు వాంగ్ షీజ్‌తో ముడిపెట్టి చెప్పడం ఆనవాయితీ. 353లో ఆయన రాసిన ప్రసిద్ధ పీఠికలో మొదటి అక్షరం కూడా యొంగే. ఆ పద్ధతి నిజంగా ఆయన నుంచే మొదలైందా అన్నది పక్కన పెడితే, ఒక్క అక్షరంలో దాదాపు అన్ని రకాల చేతి కదలికలూ దొరకడం వల్ల అది సాధనకు నిలిచిపోయింది.

గీతల వరుసకు బడిలో చెప్పే సూత్రాలు తక్కువే. పైనుంచి కిందికి, ఎడమ నుంచి కుడికి, అడ్డం తర్వాత నిలువు, ఎడమ వాలు తర్వాత కుడి వాలు, బయటి చట్రం తర్వాత లోపలిది. ఈ చివరి సూత్రానికి ఒక షరతు ఉంది. నాలుగు వైపులా మూసి ఉండే అక్షరమైతే, అడుగు గీతను అన్నిటికన్నా చివర వేయాలి. చైనా క్లాసుల్లో దీన్ని 'ముందు మనుషులు లోపలికి రావాలి, తర్వాతే తలుపు వేయాలి' అని చెబుతారు.

'దేశం' అనే అక్షరం రాసి చూస్తే ఇది బాగా తెలుస్తుంది. ఎనిమిది గీతలు. మొదటిది ఎడమ గోడ. రెండోది పైకప్పు, కుడి గోడ కలిసిన మలుపు గీత. ఇప్పుడు అడుగు తెరిచి ఉన్న పెట్టె తయారైంది. లోపల ఉండాల్సింది 'పచ్చరాయి' అనే అక్షరం, అయిదు గీతలు. ఒక అడ్డం, దాని కింద ఇంకో అడ్డం, వాటిని కోస్తూ నిలువు, అడుగున మూడో అడ్డం, చివర కుడిపక్కన చుక్క. ఏడు గీతలు పూర్తయ్యాక ఎనిమిదోది తలుపు. ముందే నాలుగు వైపులా పెట్టె గీసేస్తే లోపలి అయిదు గీతలనూ ఉన్న చోటులో ఇరికించాల్సి వస్తుంది. చివరి చుక్కకు చోటు మిగలదు. అడుగు తెరిచి ఉంచితే లోపలిది ఎంత కిందికి వచ్చిందో చూసి, దానికి తగ్గట్టు మూయవచ్చు. అక్షరం చదరపు గడిలో నిండుగా కుదురుతుంది.

మినహాయింపులు మొదటి నెలలోనే ఎదురవుతాయి. 'స్త్రీ' అనే అక్షరంలో అడ్డగీత కళ్ళకు ముందు కనిపిస్తుంది, రాయాల్సింది మాత్రం అన్నిటికన్నా చివర. 'చిన్న'లో మధ్య నిలువుగీత ముందు, తర్వాత రెండు పక్కలా చుక్కలు. 'నిప్పు'లో దీనికి తిరగబడుతుంది. అక్కడ పక్క చుక్కలు రెండూ ముందు పడాలి, మధ్యది తర్వాత. నడకను సూచించే భాగం ఎడమపక్క నుంచి అడుగు దాకా సాగుతుంది. ఎడమవైపు ఉంది కదా అని ముందు రాస్తే తప్పు, అది చివరే రావాలి. ఇలాంటివాటిని సూత్రంతో గెలవాలని చూడకుండా, ఎదురైన చోటే విడిగా చేతికి అలవాటు చేసుకోవడం సులువు.

ఈ వరుసలు ఎవరో కూర్చుని కల్పించినవి కావు. కుడిచేత్తో కుంచె పట్టి పైనుంచి కిందికి వేగంగా రాసినవాళ్ళ చేతికి తక్కువ శ్రమగా ఉన్న దారులే క్రమంగా అలవాటై, ఆనక నియమాలయ్యాయి. దీనికి మంచి సాక్ష్యం 'మట్టి' అనే అక్షరం. విడిగా రాసినప్పుడు దాని అడుగున ఉండేది తిన్నని అడ్డగీత. అదే మట్టి 'నేల' అనే అక్షరంలో ఎడమ భాగంగా వచ్చినప్పుడు, ఆ అడుగు గీత కిందినుంచి కుడివైపు పైకి విసిరే గీతగా మారిపోతుంది. ఎందుకంటే కలం తర్వాత వెళ్ళాల్సింది కుడివైపు పైనున్న భాగానికి. అడ్డగీత వేస్తూనే చెయ్యి అటు వెళ్ళిపోయింది, ఆ విసురు అక్షరంలో భాగమైపోయింది. 'చెట్టు' పక్కన ఇంకో చెట్టు చేర్చి 'అడవి' రాసినప్పుడు ఎడమ చెట్టు తన చివరి వాలుగీతను చుక్కగా ముడుచుకుంటుంది. పక్కదానికి చోటివ్వాలి కాబట్టి. వరుస తెలియకుండా రాసేవాళ్ళకు ఈ మార్పులు కారణం లేనివిగా కనిపిస్తాయి, ఒక్కోదాన్నీ విడిగా గుర్తుపెట్టుకోవాలి. వరుసలో రాసేవాళ్ళకు చెయ్యే కారణం చెబుతుంది.

ఇంకో సాక్ష్యం సరళ లిపిలో ఉంది. 1956లో చైనా ప్రభుత్వం అక్షరాల సరళీకరణ పథకం ప్రకటించినప్పుడు చాలా రూపాలను కొత్తగా సృష్టించలేదు. గొలుసుకట్టు రాతలో శతాబ్దాలుగా ఉన్నవాటినే తీసుకుని అచ్చుకు తగ్గట్టు సరిచేసింది. పది గీతల 'పుస్తకం' నాలుగు గీతలైంది. ఎనిమిది గీతల 'తూర్పు' అయిదుకు తగ్గింది. ఏడు గీతల 'బండి' నాలుగుకు వచ్చింది. గొలుసుకట్టులో ఒక గీత చివర తర్వాతి గీత మొదలుతో కలిసిపోతుంది. ఏది దేనితో కలవాలో నిర్ణయించేది రాసే వరుసే. అంటే ఇవాళ్టి అచ్చు రూపాల్లో పాత చేతుల వరుస దాగి ఉంది.

చేత్తో రాసినదాన్ని చదవాల్సి వచ్చినప్పుడు ఈ సంగతి ఇంకా బాగా తెలుస్తుంది. చైనాలో ఎంబీబీఎస్ చేయడానికి ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి చాలామంది వెళ్ళారు. పాఠాలు ఇంగ్లీషులో ఉన్నా, ఆస్పత్రిలో రోగితో మాట్లాడటానికి చైనీస్ తప్పదు. పుస్తకంలో చైనీస్ చదవగలిగినా, వార్డులో ఎవరో గబగబా రాసిచ్చిన చీటీ ముందు చాలామందికి టెన్షన్ మొదలవుతుంది. ఆ చీటీలో ఉన్నవి పుస్తకంలోని అక్షరాలే. గీతలు కలిసిపోయాయి, అంతే. వరుస తెలిసినవాళ్ళు ఆ కలయికను వెనక్కి విప్పుకోగలరు.

అలాగని ఒక్క వరుసే సరైనది, మిగతావి తప్పు అనుకోనక్కర్లేదు. 'పొలం' అనే అక్షరం నాలుగు గడుల పెట్టెలా ఉంటుంది. లోపలి శిలువలో చైనా పిల్లలు అడ్డగీత ముందు వేస్తారు, జపాన్ పిల్లలు నిలువుగీత ముందు వేస్తారు. 'కుడి', 'ఎడమ' అనే అక్షరాలకు పైభాగం ఒకటే. చైనాలో రెండింటినీ అడ్డగీతతోనే మొదలుపెడతారు. జపాన్‌లో 'ఎడమ'కు అడ్డగీత ముందు, 'కుడి'కి వాలుగీత ముందు. జపాన్ విద్యాశాఖ 1958లో 881 అక్షరాల గీతల వరుసకు ఒక మార్గదర్శిని తెచ్చింది. ఇందులో లేని వరుసలు తప్పని కాదు అని అందులోనే రాసుకుంది. ఎంతో నిజాయితీ ఉన్న మాట అది. తైవాన్ 1996లో తన సొంత ప్రమాణం ప్రచురించింది. చైనా 1997లో 7,000 అక్షరాలకు వరుస ఖరారు చేసి, తర్వాత 8,105 అక్షరాలకు విస్తరించిన కొత్త ప్రమాణాన్ని 2021 మార్చి 1 నుంచి అమల్లోకి తెచ్చింది.

నేర్చుకునేవాళ్ళు చేయాల్సింది వీటిలో ఒకదాన్ని ఎంచుకుని దానికే కట్టుబడటం. సరళ లిపి నేర్చుకుంటూ ఒక రోజు జపనీస్ యాప్ చూసి, ఇంకో రోజు తైవాన్ సైట్ చూసి దిద్దితే చెయ్యి ఎటూ కాకుండా పోతుంది. ఏ వరుస ఎంచుకున్నారన్నదానికన్నా, అదే అక్షరాన్ని ప్రతిసారీ ఒకేలా రాయడం ముఖ్యం. చేతికి అలవాటయ్యేది ఆ ఒకేలా రాయడం వల్లే.

చేతి జ్ఞాపకం అన్నది ఉత్త మాట కాదు. ఒక అక్షరం చప్పున గుర్తుకు రానప్పుడు చైనాలోనూ జపాన్‌లోనూ జనం వేలితో అరచేతి మీదో గాల్లోనో రాసి చూసుకుంటారు. కళ్ళకు తట్టనిది వేలికి తడుతుంది. జపాన్ మనస్తత్వ పరిశోధకులు 1980లలోనే ఈ అలవాటు మీద అధ్యయనాలు చేశారు. బీజింగ్ బడిపిల్లల మీద లీ హాయ్ టాన్ బృందం 2005లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, బాగా రాయగలిగే పిల్లలే బాగా చదువుతున్నారు. 2013లో అదే పరిశోధకుడి ఇంకో బృందం, పిన్‌యిన్ టైపింగ్ ఎక్కువగా చేసే పిల్లలు చదవడంలో వెనకబడుతున్నారని చూపింది. ఇవి రెండు విషయాలు కలిసి కనిపిస్తున్నాయని చెప్పే ఫలితాలు. ఒకటి ఇంకోదానికి కారణమని తేల్చేవి కావు. పైగా మెదడు దెబ్బతిని రాత బాగా పోయినా చదవగలిగిన ఒక చైనీస్ రోగి గురించి 2009లో ఒక అధ్యయనం వచ్చింది. కాబట్టి రాయకపోతే చదువే రాదని చెప్పడం అతిశయోక్తి. 2011లో ఇంగ్లీషు మాట్లాడే వయోజన విద్యార్థుల మీద జరిగిన ప్రయోగం దీనికి కాస్త స్పష్టత ఇచ్చింది. చేత్తో రాసి నేర్చుకున్న అక్షరాల రూపం, అర్థం బాగా నిలిచాయి. పిన్‌యిన్ కొట్టి నేర్చుకున్నవాటి ఉచ్చారణ బాగా నిలిచింది. విదేశీ భాషగా నేర్చుకునేవాళ్ళకు ఇదే అన్నిటికన్నా పనికొచ్చే ఫలితం, ఎందుకంటే వాళ్ళకు రెండూ కావాలి.

రూపం ఎందుకు నిలుస్తుందో అక్షరాల నిర్మాణం చూస్తే తెలుస్తుంది. చైనీస్ అక్షరాల్లో ఎక్కువ శాతం రెండు భాగాల కూర్పు. ఒక భాగం అర్థాన్ని, ఇంకోటి ఉచ్చారణను సూచిస్తుంది. 'స్త్రీ' పక్కన 'గుర్రం' రాస్తే 'అమ్మ'. గుర్రాన్ని చైనీస్‌లో మా అంటారు, అమ్మనూ మా అనే అంటారు, స్వరం, అంటే పలికేటప్పుడు గొంతు ఎత్తుదించే తీరు, మాత్రం వేరు. 'నోరు' పక్కన గుర్రం పెడితే ప్రశ్న అడిగేటప్పుడు వాక్యం చివర వచ్చే మా. 'రాయి' పక్కన పెడితే నంబర్, కోడ్ వంటి మాటల్లో వచ్చే మా. రెండు నోళ్ళ కింద గుర్రం పెడితే తిట్టడం, అదీ మానే. గుర్రం మూడు గీతలు చేతికి వచ్చినవాళ్ళకు వీటిలో ఏ ఒక్కటీ కొత్త బొమ్మ కాదు. వరుస తెలియని కంటికి 'తిట్టడం' తొమ్మిది గీతల చిక్కుముడి. తెలిసిన చేతికి అది మూడు ముక్కలు. గీత గీతగా రాయడం చివరికి చేరాల్సిన చోటు ఇదే. గీతలు లెక్కపెట్టడం మానేసి, భాగాలుగా రాయడం మొదలుపెట్టాలి.

చైనావాళ్ళే అక్షరాలు మరిచిపోతున్నారన్న దిగులు అక్కడ చాలాకాలంగా ఉంది. 2013లో చైనా జాతీయ టీవీ బడిపిల్లలకు చైనీస్ అక్షరాల డిక్టేషన్ పోటీ పెట్టింది. అందులో 'కప్ప జాతి జీవి' ఒకదాని పేరు, అందరూ మాట్లాడేటప్పుడు వాడే పేరే, హాలులో ఉన్న పెద్దవాళ్ళలో ఎక్కువమంది రాయలేకపోయారు. వాళ్ళకు ఆ మాట చదవడం వచ్చు. మరిచిపోయింది ఏ భాగం ఎక్కడ ఉండాలన్నదే. రోజూ వాడే 'దేశం', 'అమ్మ' ఎవరూ మరిచిపోలేదు. అరుదుగా రాసేవాటిని ఫోన్‌కు వదిలేయడంలో నష్టం తక్కువని ఈ అనుభవమే చెబుతోంది.

చైనా బడులు కూడా అన్నీ రాయించవు. మొదటి రెండు తరగతుల్లో పిల్లలు 1,600 అక్షరాలు గుర్తుపట్టాలి, వాటిలో 800 రాస్తే చాలు. ప్రాథమిక విద్య ముగిసేసరికి 3,000 గుర్తుపట్టడం, 2,500 రాయడం రావాలి. విదేశీయుల కోసం 2021లో వచ్చిన స్థాయుల ప్రమాణం ఇంకా ఉదారంగా ఉంది. పైస్థాయికి 3,000 అక్షరాలు గుర్తుపట్టాలి, చేత్తో రాయాల్సినవి 1,200 మాత్రమే. ప్రారంభ దశలో రాయాల్సినవి 300. ఈ 300 దగ్గర తొందరపడితేనే ప్రమాదం.

సాధనకు మన పలక మీద దిద్దడం లాంటి పద్ధతే అక్కడా ఉంది. ఎర్రగా అచ్చైన అక్షరం మీద నల్ల కుంచెతోనో పెన్సిల్‌తోనో దిద్దుతారు. తర్వాత శిలువ గీతలతో నాలుగుగా విడదీసిన గడుల్లో చూసి రాస్తారు. ఆ గడుల వల్ల ఏ భాగం ఎంత చోటు తీసుకోవాలో తెలుస్తుంది, ఎందుకంటే ఒక్క గీత ఉన్న 'ఒకటి'కీ ఇరవై గీతల అక్షరానికీ ఒకే సైజు గడి. తెలుగు రాసే చేతులకు ఇక్కడ ప్రత్యేకంగా ఒక ఇబ్బంది ఉంటుంది. మన లిపి గుండ్రన, కలం సహజంగా తిరిగిపోతుంది. చైనీస్ మలుపు దగ్గర కలం క్షణం ఆగి దిశ మార్చాలి. ఆగకపోతే 'నోరు' సున్నాలా తయారవుతుంది.

దిద్దడంతో పని మొదలవుతుంది కానీ పూర్తి కాదు. ఒకే అక్షరాన్ని పేజీ నిండా రాయడంలో మూడో వరుస దాటాక చెయ్యి పనిచేస్తుంది, బుర్ర ఎటో ఉంటుంది. కొందరు పిల్లలు ముందు పది గడుల్లోనూ ఎడమ భాగం రాసేసి, తర్వాత అన్నిటికీ కుడి భాగం తగిలిస్తారు. పేజీ నిండుతుంది, వరుస మాత్రం చేతికి రాదు. ఫోన్ యాప్‌లో మసకగా కనిపించే గీత మీద వేలు జరపడమూ దాదాపు ఇలాంటిదే, చూపు ముందు ఉన్నదాన్ని అనుసరించడమే తప్ప గుర్తు తెచ్చుకోవడం ఉండదు. రెండు మూడు సార్లు దిద్దాక పుస్తకం మూసి, ఖాళీ గడిలో ఒక్కసారి రాయాలి. మర్నాడు పిన్‌యిన్, అర్థం మాత్రమే ఎదురుగా పెట్టుకుని నిన్నటి అక్షరాలు రాసి చూసుకోవాలి. ఆగిపోయిన చోట ఏ గీత దగ్గర ఆగిందో గమనించి, మొత్తం అక్షరాన్ని మళ్ళీ పదిసార్లు రాయకుండా, ఆ గీత ఉన్న భాగాన్నే సరిచేసుకుంటే సరిపోతుంది.